కార్డు లెక్కలోకి రాని ఖర్చు

ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు రాష్ట్రమంతటా ఒకేసారి అమలు కాలేదు. ముందుగా అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలను ఎంచుకుని, ఆ తరువాత దశలవారీగా మిగిలిన జిల్లాలకు విస్తరించి, 2008 జులై నాటికి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటికీ వర్తింపజేశారు. తొలుత ఎంపికైన మూడూ కరువుకూ వలసలకూ పేరుపడిన జిల్లాలే. పాలనా సౌలభ్యం కోసం చేసిన ఆ ఏర్పాటు ఆరోగ్య ఆర్థిక శాస్త్రంలో పనిచేసే మావంటి వారికి అనుకోని మేలు చేసింది. ఒకే ప్రభుత్వం కింద కొన్ని జిల్లాల్లో పథకం ఉండి, మరికొన్నింటికి ఇంకా రాని ఆ కొద్దికాలంలో కుటుంబాల వైద్యఖర్చు రెండుచోట్లా ఎలా మారిందో పోల్చి చూస్తే, ఆ మార్పులో పథకం వాటా ఎంతో అంచనా వేయడానికి వీలవుతుంది. విక్టోరియా ఫాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ 2012లో ప్రచురించిన అధ్యయనం ఈ పద్ధతిలో చేసినదే. తొలిదశ జిల్లాల్లో ఆసుపత్రిలో చేరినవారు తమ జేబు నుంచి పెట్టుకునే ఖర్చు తగ్గిందని అది చూపింది.

నేను అనంతపురంలో ఉంటూ ఈ రంగంలోనే పనిచేస్తున్నాను. వైద్యం కోసం ఒక కుటుంబం ఎంత ఖర్చు పెడుతోంది, ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తోంది, అందుకోసం వేటిని మానుకుంటోంది, ప్రభుత్వం వెచ్చించే నిధులు ఆ భారాన్ని ఎంతవరకు తగ్గిస్తున్నాయి అన్నవి నా పరిశోధనలోని ప్రశ్నలు. వీటికి జవాబులను చాలావరకు జాతీయ నమూనా సర్వే గణాంకాలలోనే వెతుకుతాం కానీ, ఆ గణాంకాలు ఎలా పుడతాయో తెలియాలంటే కళ్యాణదుర్గం, ఉరవకొండ, రాయదుర్గం వైపు ఊళ్లకు వెళ్లి, అరుగుల మీద కూర్చుని ప్రశ్నావళి నింపాలి. మొదటి పేజీ పూర్తికాక ముందే ఎవరో ఒక అవ్వ "ఏం పాపా, ఇవన్నీ రాసుకుంటే దుడ్లేమన్నా వస్తాయా?" అని అడుగుతుంది. రావని చెప్పినా ఓపికగా చివరిదాకా కూర్చుని జవాబులు చెబుతుంది. ఆ జవాబుల్లో నాకు తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఆపరేషన్ ఫ్రీగానే చేసినారు, అప్పు మాత్రం అట్లే ఉండాది."

ఈ మాటను మొదట్లో మా బృందంలోని కొందరు అనుమానంగా చూసేవారు. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నప్పుడు అప్పెందుకు అయిందని తిరిగి అడిగేవారు. నిజానికి ఆ వాక్యంలోని రెండు సగాల మధ్య వైరుధ్యం ఏమీ లేదు. కార్డు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుందో, జబ్బు ఎక్కడ మొదలై ఎక్కడిదాకా సాగుతుందో పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

ఛాతీలో నొప్పి వచ్చిన ఒక రైతుకూలీని ఊహించుకుందాం. అతడు మొదట వెళ్లేది ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరకు. అక్కడ ఒక సూదిమందు, కొన్ని మాత్రలు, ఒక్కోసారి గ్లూకోజు సీసా. రెండు మూడు రోజులకు తగ్గకపోతే దగ్గరి పట్టణంలోని ప్రైవేటు క్లినిక్కు, అక్కడ ఈసీజీ, రక్తపరీక్షలు, ఎకో. ఆ కాగితాలు పట్టుకుని అనంతపురం వచ్చి మరొక వైద్యుడికి చూపించుకుంటాడు. ఆయన కొన్ని పరీక్షలను మళ్లీ చేయించమంటాడు. ఆ తరువాతే పథకంలో నమోదైన నెట్‌వర్క్ ఆసుపత్రికి చేరతాడు. అక్కడ పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్ర అనే సహాయకుడు కార్డు చూసి, వివరాలు ఎక్కించి, పథకాన్ని నడిపే ట్రస్టు నుంచి ముందస్తు అనుమతి తెప్పించిన క్షణం నుంచి అతని వైద్యం ఉచితం. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆ చికిత్సకు దారితీసిన పరీక్షలు ప్యాకేజీలో, అంటే ఆ చికిత్సకు కలిపి కట్టిన మొత్తంలో కలుస్తాయి కానీ, అక్కడికి చేరక ముందు మూడు గుమ్మాల దగ్గర పెట్టిన ఖర్చు ఎవరి ఖాతాలోకీ వెళ్లదు. జబ్బు ఏమిటో తేలేదాకా అయ్యే ఖర్చు రోగిది, తేలిన తరువాతిది ప్రభుత్వానిది అన్నమాట. పేదవాడికి అతి కష్టమైన దశ జబ్బు పేరు తెలుసుకునే దశే.

ఇంటికి వచ్చిన తరువాత మరొక ఖర్చు మొదలవుతుంది. 2018 సెప్టెంబర్ 23న ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనలో ఆసుపత్రిలో చేరడానికి ముందు 3 రోజులు, డిశ్చార్జి తరువాత 15 రోజుల మందుల ఖర్చు ప్యాకేజీలో భాగం. ఆరోగ్యశ్రీలో కొన్ని చికిత్సలకు తరువాతి మందుల కోసం ప్రత్యేక ప్యాకేజీలు కూడా ఏర్పాటు చేశారు. ఇవి మంచి నిబంధనలే. అయితే గుండెకు స్టెంట్ వేయించుకున్న మనిషి రక్తం పలుచన చేసే మాత్రలను, కొలెస్ట్రాల్ మాత్రలను, బీపీ మాత్రలను ఏళ్ల తరబడి వాడాలి. శస్త్రచికిత్స ఒక రోజులో అయిపోతుంది, దానిని నిలబెట్టే మందులు జీవితకాలం నడుస్తాయి. మొదటిదానికి లక్షలదాకా ఇచ్చే వ్యవస్థ రెండోదానికి నెలకు వెయ్యి ఇచ్చే మార్గాన్ని ఇంకా సరిగా ఏర్పరచుకోలేదు.

వైద్యేతర ఖర్చుల విషయం మరింత చిక్కుగా ఉంటుంది. ప్రశ్నావళిలో ప్రయాణానికి, తోడు వచ్చినవారి తిండికి, బసకు ఒక గడి ఉంటుంది. ఆ గడిలో ఏదో ఒక అంకె పడుతుంది. కానీ కూలి నష్టం దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పుతుంది. రోగి కూలి ఎన్ని రోజులు పోయిందో చెబుతారు. తోడున్న మనిషిది చెప్పరు. ఆ తోడు ఎక్కువగా కోడలో కూతురో అయి ఉంటుంది. "ఆయమ్మ ఇంట్లో ఉండేదే కదా" అంటారు. ఆమె వేరుశనగ కోతలకు పోయే మనిషే, మేకలు కాసే మనిషే, డ్వాక్రా సంఘంలో వాయిదా కట్టే మనిషే. ఆసుపత్రి వరండాలో ఆమె గడిపిన రోజుల విలువను సున్నాగా నమోదు చేసే ప్రశ్నావళిని ఆర్థిక శాస్త్రం పేరుతో వాడుతున్నందుకు మాకే ఇబ్బందిగా ఉంటుంది. అందుకని ఇప్పుడు మేము తోడున్నవారి పేరిట ఒక్కొక్కరికి ఒక వరుస పెట్టి, గత సీజనులో వారు ఏయే పనులకు వెళ్లారో విడిగా అడుగుతున్నాం.

పథకాలను రూపొందించినవారికి ఈ ఖర్చులు తెలియవని చెప్పలేను. 2008లో వచ్చిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజనలో కుటుంబానికి ఏడాదికి 30,000 రూపాయల బీమాతో పాటు, ఆసుపత్రిలో చేరిన ప్రతిసారీ 100 రూపాయల చొప్పున ఏడాదికి 1,000 దాటకుండా ప్రయాణ ఖర్చు ఇచ్చే నిబంధన ఉండేది. మన రాష్ట్రంలో 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరుతో, శస్త్రచికిత్స తరువాత విశ్రాంతి తీసుకునే కాలానికి రోజుకు 225 రూపాయల చొప్పున నెలకు 5,000 మించకుండా రోగికి ఇచ్చే ఏర్పాటు చేశారు. కోలుకునే రోజులకు కూడా ఒక వెల ఉందని ప్రభుత్వ ఉత్తర్వులో అంగీకరించడం నా దృష్టిలో చిన్న విషయం కాదు. దాని అమలు ఎలా సాగిందన్నది వేరే చర్చ.

ఇక అప్పు సంగతి. 2017 జులై నుంచి 2018 జూన్ వరకు జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం, కాన్పులను మినహాయిస్తే, దేశంలో ఆసుపత్రిలో చేరిన ఒక్కో సందర్భానికి సగటు వైద్యఖర్చు ప్రభుత్వ ఆసుపత్రిలో 4,452 రూపాయలు, ప్రైవేటు ఆసుపత్రిలో 31,845 రూపాయలు. ఆసుపత్రిలో చేరినవారిలో దాదాపు 42 శాతం మంది ప్రభుత్వ ఆసుపత్రులకు, 55 శాతం మంది ప్రైవేటుకు వెళ్లారు. అదే సర్వేలో, గ్రామీణ కుటుంబాలలో దాదాపు 80 శాతం ఈ ఖర్చును ప్రధానంగా తమ ఆదాయం నుంచో పొదుపు నుంచో భరించినట్టు, సుమారు 13 శాతం ప్రధానంగా అప్పు మీద ఆధారపడినట్టు తేలింది. ఈ 13 శాతం అన్న అంకె దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. మా ప్రాంతంలో డబ్బు చేతులు మారే తీరు తెలిసినవారికి అది తక్కువగా కనిపిస్తుంది. బావమరిది దగ్గర చేబదులుగా తెచ్చి, కాయలు అమ్మినాక ఇచ్చేసినదాన్ని ఇక్కడ ఎవరూ అప్పు అనరు. అప్పు అంటే ప్రోనోటు రాసినది, వడ్డీ కట్టేది. భార్య కమ్మలు కుదువపెట్టి తెచ్చినదాన్ని కూడా కొందరు సొంత డబ్బుగానే చెబుతారు, కమ్మలు తమవే కనుక. సర్వే వచ్చే నాటికి అవి విడిపించారా లేదా అన్న ప్రశ్న ఫారంలో ఉండదు.

ఉన్న అప్పుకైనా వడ్డీని వైద్యఖర్చులో కలపరు. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఉచిత శస్త్రచికిత్సకు ముందు పరీక్షలు, ప్రయాణాలు, తరువాతి మందులు అన్నీ కలిపి ఒక కుటుంబం రెండు రూపాయల వడ్డీకి 40,000 తెచ్చిందనుకుందాం. నూటికి నెలకు రెండు రూపాయలు, అంటే నెలకు 800, ఏడాదికి 9,600. వర్షాలు పడక రెండేళ్ల పంట పోతే, అసలు అలాగే ఉండగా వడ్డీయే 19,200 అవుతుంది. అంటే ఆ జబ్బుకు అయిన ఖర్చు 59,200. మా గణాంకాల్లో మాత్రం అది 40,000 దగ్గరే ఆగిపోతుంది. ఆసుపత్రిలో చేరిన వైద్యానికి వెనకటి 365 రోజులను మాత్రమే అడుగుతాం కనుక, రెండో ఏడాది వెళ్లిన సర్వేయరుకు ఆ ఇంట్లో ఆ జబ్బు ఆనవాలే దొరకదు. దేశంలోనే అతి తక్కువ వర్షం కురిసే జిల్లాల్లో ఒకటైన చోట, జబ్బు ఖర్చు వాన మీద కూడా ఆధారపడి ఉంటుందని చెబితే బయటివారు వింతగా చూస్తారు. వడ్డీ లెక్క వేసి చూపిస్తే ఒప్పుకుంటారు.

మా శాస్త్రంలో విపత్కర వైద్యఖర్చు అనే ఒక కొలత ఉంది. కుటుంబం మొత్తం వినియోగ వ్యయంలో వైద్యానికి పెట్టినది 10 శాతం దాటితే ఒక స్థాయి, 25 శాతం దాటితే ఇంకొక స్థాయి అని ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాలలో మొదట పెట్టుకున్నారు. తిండి వంటి తప్పనిసరి అవసరాలు పోగా మిగిలినదానిలో 40 శాతం దాటడాన్ని కొలమానంగా తీసుకునే పద్ధతి కూడా ఉంది. విపత్తు అనగానే మనకు ఐసీయూ, పెద్ద ఆపరేషన్ గుర్తుకువస్తాయి. నెలకు 12,000 రూపాయలతో గడిచే ఇంటిని తీసుకోండి. ఏడాదికి 1,44,000, అందులో 10 శాతం 14,400. ఆ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లకు షుగరు, బీపీ ఉండి, మెడికల్ షాపులో నెలకు 1,300 రూపాయల మాత్రలు కొంటే ఏడాదికి 15,600 అవుతుంది. ఎవరూ ఆసుపత్రిలో చేరకుండానే, అంబులెన్సు రాకుండానే ఆ కుటుంబం విపత్కర వ్యయం గీతను దాటేసింది. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యంలో మందులదే పెద్ద వాటా అని సర్వే తరువాత సర్వే చూపుతూనే ఉంది. బీమా పథకాలు మాత్రం దాదాపుగా మంచం ఎక్కినవారి చుట్టూనే అల్లుకున్నాయి.

ఈ కొలతలో నన్ను ఇంకా ఎక్కువగా కలవరపెట్టే లోపం ఒకటుంది. ఖర్చు పెట్టలేక వైద్యమే మానుకున్న ఇల్లు ఇందులో సున్నాగా నమోదవుతుంది. సున్నా ఖర్చు అంటే పూర్తి రక్షణ అన్నట్టు కనిపిస్తుంది. ధర్మవరంలో మగ్గం మీద కూర్చునే మనిషి నడుము నొప్పికి, కంటిచూపు తగ్గడానికి ఏళ్లపాటు వైద్యుడి దగ్గరకు పోకపోవడం, కణితి ఉందని తెలిసిన మహిళ పంట ఇంటికి వచ్చాక చూసుకుందామని వాయిదా వేయడం మా పట్టికల్లో ఆర్థిక భద్రతగా మారిపోతాయి. వైద్యఖర్చు తగ్గిందన్న ఏ అంకె చూసినా, వైద్యం తీసుకున్నవారి సంఖ్య ఏమైందో పక్కనే చూడాలని విద్యార్థులకు చెబుతుంటాను. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశం మొత్తం వైద్యవ్యయంలో ప్రజలు జేబు నుంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం ఉండగా 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. ఇది చెప్పుకోదగ్గ మార్పే. అయితే ఆ వాటాకు ప్రధాన ఆధారం కూడా ఇటువంటి గృహ సర్వేలే కనుక, సర్వేలో ఏది చెప్పలేదో ఖాతాలోనూ అది ఉండదు.

చెప్పకపోవడం అన్నది కూడా అందరిలో ఒకేలా ఉండదు. జిష్ణు దాస్, జెఫ్రీ హామర్, కరోలినా సాంచెజ్-పరామో ఢిల్లీలోని కుటుంబాల మీద చేసి 2012లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో నాకు కళ్లు తెరిపించింది. గడిచిన వారం గురించి అడిగినప్పుడు చెప్పిన జబ్బులను, గడిచిన నెల గురించి అడిగినప్పుడు చాలామంది చెప్పలేదు. ఈ మరుపు పేదల్లో మరింత ఎక్కువగా కనిపించింది. జబ్బు రోజువారీ జీవితంలో భాగమైపోయినప్పుడు దానిని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవడం ఉండదు. అమర్త్య సేన్ 2002లో రాసిన ఒక చిన్న వ్యాసంలో, ఎక్కువకాలం జీవించే కేరళ ప్రజలే బీహారు ప్రజలకంటే ఎక్కువ అనారోగ్యాన్ని నమోదు చేస్తారని గుర్తుచేశారు. వైద్యం, చదువు అందుబాటులో ఉన్నచోట జబ్బును జబ్బుగా గుర్తించడం కూడా పెరుగుతుందని ఆయన వాదన. మా ఊళ్లలో "ఈ పదహైదు దినాల్లో ఎవరికైనా ఆరోగ్యం బాగలేకపోయిందా?" అని అడిగితే "ఎవురికీ ఏం లేదు" అంటారు. తలెత్తి చూస్తే గూట్లో షుగరు మాత్రల అట్టలు కనిపిస్తాయి. జాతీయ సర్వేలలో దీర్ఘవ్యాధులకు వేరే ప్రశ్న ఉన్న మాట నిజమే కానీ, జబ్బు అన్న మాట వినగానే ఇక్కడివారికి తోచేది జ్వరమో, వాంతులో, మంచాన పడటమో. అందుకే మేము జబ్బుల సంగతి తరువాత అడిగి, "రోజూ మింగే మాత్రలు ఎవరికైనా ఉన్నాయా, ఒకసారి చూపిస్తారా?" అన్న ప్రశ్నతో మొదలుపెడుతున్నాం.

అనంతపురం వంటి చోట పథకాల ప్రభావాన్ని కొలవడంలో మరికొన్ని స్థానిక చిక్కులున్నాయి. పుట్టపర్తి దగ్గర 1991లో ప్రారంభమైన సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో గుండె శస్త్రచికిత్సలు సైతం ఉచితంగా చేస్తారు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే బత్తలపల్లి ఆసుపత్రికి నాలుగు మూలల నుంచీ జనం వస్తారు. ఆరోగ్యశ్రీ రాకముందే ఈ జిల్లాలో కొంత ఖరీదైన వైద్యం అలా అందుబాటులో ఉండటంవల్ల, ఇక్కడి కుటుంబాన్ని మరో జిల్లా కుటుంబంతో పోల్చేటప్పుడు జాగ్రత్త పడాలి. రాయదుర్గం వారికి బళ్లారి దగ్గర, హిందూపురం వారికి బెంగళూరు దగ్గర. జబ్బు చేసిన మనిషి రాష్ట్ర సరిహద్దును చూడడు, బస్సు సౌకర్యాన్ని చూస్తాడు. బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల్లోని కొన్ని ఆసుపత్రులకు 2019 నవంబరులో పథకాన్ని విస్తరించడం ఈ వాస్తవాన్ని గుర్తించినందువల్లే. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి పుట్టపర్తి, ధర్మవరం, కదిరి, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లిన తరువాత పాత గణాంకాలను కొత్త వాటితో జత చేయడం మరో పని అయింది. దాని గురించి రాయడం మొదలుపెడితే చదివేవారికి విసుగే తప్ప లాభం ఉండదు.

విధానం విషయానికి వస్తే, ఆరోగ్యశ్రీ మీద విమర్శ కొత్తది కాదు. రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ 2011లోనే, ఈ నమూనా ప్రభుత్వ ధనాన్ని ప్రైవేటు ఆసుపత్రులకు మళ్లిస్తోందని, ప్రభుత్వ వైద్యవ్యవస్థ దానివల్ల బలహీనపడుతుందని వాదించారు. వైద్యంలో కొనేవాడికంటే అమ్మేవాడికే ఎక్కువ తెలుస్తుందని, అందుకే ఈ సంత మిగతా సంతల్లా నడవదని కెన్నెత్ ఆరో 1963లో రాసిన పత్రం మా శాస్త్రానికే పునాది. ప్యాకేజీకి ఇంత అని రేటు కట్టినప్పుడు, లాభం ఎక్కువున్న చికిత్సలు పెరగడం, తక్కువున్నవి దొరకకపోవడం దాని సహజ పర్యవసానం. గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలు ఆందోళన కలిగించే స్థాయికి పెరిగాక, దానితో పాటు మరికొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది. బకాయిలు పేరుకుపోయినప్పుడల్లా నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేస్తామని ప్రకటించడం, చర్చలు జరగడం, కొంత విడుదల కావడం పత్రికలు చదివేవారికి తెలిసినదే.

అయినా కార్డును తీసేయాలనే వాదనతో నేను ఏకీభవించలేను. గుండెలో రంధ్రంతో పుట్టిన బిడ్డ తల్లిదండ్రులకు వ్యవస్థాగత విమర్శ వినిపించి పంపడం నాకు సాధ్యం కాదు. నా అభ్యంతరం ప్రాధాన్యాల మీద. మొదట్లో కుటుంబానికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు ఉన్న పరిమితి క్రమంగా పెరిగి 2023 డిసెంబరులో 25 లక్షలకు చేరింది. పరిమితి పెంచినప్పుడు అది మొదటి పేజీ వార్త అవుతుంది. ఆ పరిమితి అంచులదాకా వెళ్లే కుటుంబాలు అతి కొద్ది. వెయ్యి, పదమూడు వందల దగ్గర ప్రతి నెలా తగిలే దెబ్బ లక్షల ఇళ్లది, దాని మీద శీర్షికలు రావు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏడాది పొడవునా మాత్రలు నిలవ ఉంచిన అధికారికి ఎవరూ సన్మానం చేయరు.

దీనికి అవుట్‌పేషెంట్ బీమాను, అంటే ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి ఇచ్చే బీమాను కొందరు పరిష్కారంగా సూచిస్తున్నారు. నాకు నమ్మకం లేదు. బిల్లు ఇవ్వకుండా, చీటీ చూడకుండా మందులు అమ్మే దుకాణాలున్న ఊళ్లలో ఏది అవసరమైన మందో, ఏది కాదో తేల్చి డబ్బు చెల్లించడం ఏ ట్రస్టుకూ సాధ్యమయ్యే పని కాదు. మందులను ప్రభుత్వమే పెద్దమొత్తంలో కొని ఊరికి చేర్చడం చౌక, సులువు కూడా. తమిళనాడు 1990ల మధ్య నుంచి ఒక ప్రత్యేక సంస్థ ద్వారా, రాజస్థాన్ 2011 అక్టోబరు నుంచి ఉచిత మందుల పథకం ద్వారా ఈ దారిలో నడిచాయి. షుగరుకు, బీపీకి మొదటి వరుసలో వాడే మాత్రలు పేటెంట్లు ఎప్పుడో తీరిపోయినవి. టోకున కొంటే వాటి ధర అతి స్వల్పం.

ఉచితంగా ఇస్తే సరిపోతుందా అంటే, అక్కడ కూడా ఆర్థిక శాస్త్రం అడ్డు వస్తుంది. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయి, వరుసలో నిలబడి, 15 రోజుల మాత్రలు తెచ్చుకోవడానికి ఒక పూట పోతుంది, ఆటో ఖర్చు అదనం. నెలకు రెండుసార్లు అలా పోవాలంటే ఒక రోజు కూలి పోయినట్టే. అంతకంటే ఊళ్లోని దుకాణంలో కొనుక్కోవడమే లాభమని లెక్క వేసుకున్న మనిషిని, ఉచితంగా ఇస్తున్నా తీసుకోవడం లేదని నిందించడం తగదు. ఆయన లెక్క మా లెక్కకంటే సరిగ్గా ఉంది. 104 సంచార వైద్య వాహనం ఊళ్లోకే వచ్చి బీపీ, షుగరు మాత్రలు ఇచ్చే పద్ధతి ఈ చిక్కుకు నాకు తెలిసిన సమాధానాల్లో మెరుగైనది. రోగి ప్రయాణాన్ని వైద్యవ్యవస్థ తన నెత్తిన వేసుకుంటుంది కనుక, కూలి నష్టం దాదాపు ఉండదు.

అయితే వాహనం పగలు వస్తుంది, చేనుకు వెళ్లినవారు పొద్దుగూకాక వస్తారు. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లోనైతే మిరప కోతల కాలంలో సుగ్గికని, అంటే కోతల పనికని ఇల్లిల్లూ గుంటూరు వైపు కదిలిపోతుంది. ఆ నెలల్లో ఊళ్లో ఇచ్చే మాత్రలు వారికి అందవు, గుంటూరు పల్లెల్లో వారి పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. వలస వెళ్లేవారికి మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వవచ్చా, అందుకు ఏఎన్ఎంకు అధికారం ఎవరు ఇవ్వాలి, మధ్యలో బీపీ ఎవరు చూడాలి అన్నవి చిన్నవిగా కనిపించే పరిపాలనా ప్రశ్నలు. ఈసారి మా ప్రశ్నావళిలో ఆసుపత్రి ఖర్చుల పేజీలను కొంత కుదించి, వాటి స్థానంలో 104 ఏ రోజు వస్తుందో తెలుసా, వచ్చినప్పుడు ఇంట్లో ఎవరున్నారు, గత సుగ్గిలో మాత్రలు ఎక్కడ కొన్నారు, ఎన్ని రోజులు మానేశారు అన్న ప్రశ్నలు చేర్చాం. ఆదోని, కోసిగి వైపు ఊళ్లలో వలసలు మొదలయ్యేలోపు మొదటి విడత, అందరూ తిరిగి వచ్చాక రెండో విడత చేయాలని అనుకుంటున్నాం.